చేతికి కట్టు, మధ్యలో ఆగిన ఫ్యాన్ కథ: ఏం చూడాలి, ఎట్లా రాయాలి

చెల్లె, నువ్వు అడిగింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. నయీంనగర్‌లో స్కూటీ జారి కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు పిండికట్టు ఉంచాలన్నారు, ఇప్పుడు రెండో వారం. ఆఫీసుకు సెలవు. పొద్దంతా, ఒక్కోసారి రాత్రి ఒంటిగంట దాకా, ఫోన్‌లో కార్తీకదీపం సీరియల్ పాత ఎపిసోడ్లు మొదటి నుంచి చూస్తున్నావు. అందులోని భార్యాభర్తలు వంటలక్క (అసలు పేరు దీప), డాక్టర్ బాబు మీద నువ్వు రాస్తున్న పెద్ద ఫ్యాన్ కథ, అంటే ఆ సీరియల్ పాత్రలతో అభిమానిగా నువ్వు అల్లుకుంటున్న సొంత కథ, పద్దెనిమిదో భాగం దగ్గర ఆగిపోయింది. చదివేవాళ్లు తర్వాతి భాగం ఎప్పుడని అడుగుతున్నారు, ఎడమ చేత్తో టైప్ చేస్తే భుజం లాగుతోంది, అమ్మేమో "చేయి విరిగినా ఆ పిచ్చి రాతలు మానవా" అంటోంది. రాయాలా మానాలా, రాస్తే ఎట్లా, కోలుకున్నాక ఆ కథను డబ్బులకు పెట్టొచ్చా అని అడిగావు.

రాయి. అయితే ఆ పద్దెనిమిదో భాగాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, సీరియల్ వాళ్లు ఎప్పుడూ చూపించని రోజులు రాయి. అంటే దెబ్బ తగిలి, దవాఖాన నుంచి ఇంటికొచ్చిన తర్వాతి రోజులు. వాటి సంగతి ఇప్పుడు నీకు తెలిసినంత బాగా ఆ సీరియల్ రాసినవాళ్లకు కూడా తెలియదు. అది కింద వివరంగా చెప్తాను. ముందు చేతి సంగతి, టీవీ సంగతి తేల్చేద్దాం, ఆ రెండూ కుదరకపోతే రాత కదలదు.

నేను డాక్టర్ని కాదు. హన్మకొండలోనే ఉంటాను, బడిలో తెలుగు చెప్తాను, జెమినీలో చక్రవాకం వచ్చే రోజుల్లో లాంగ్ నోట్‌బుక్కులో సీరియళ్ల మీద కథలు రాయడం మొదలుపెట్టినదాన్ని. మధ్యలో ఒకసారి కాలు విరిగి మంచం పట్టినప్పుడు రాసినవే ఇప్పటికీ జనం ఎక్కువగా గుర్తుచేస్తుంటారు, అందుకే ఇంత పొడుగు జవాబు. వైద్యం విషయంలో నా మాటకూ నీ డాక్టర్ మాటకూ తేడా వస్తే డాక్టర్ మాటే విను.

చేయి వీలైనంతసేపు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కూర్చున్నా పడుకున్నా రెండు దిండ్లు వేసి దాని మీద పెట్టుకో, వాపు తగ్గేది దాంతోనే. ఆ చేతికి ఉంగరం, గాజులు ఏమైనా మిగిలి ఉంటే తీసేయ్. దురద పెడుతోందని స్కేలో అల్లికసూదో కట్టులోకి దూర్చకు, చర్మం గీసుకుపోయి లోపల పుండైతే పైకి కనిపించదు కూడా. ఇంకోటి గట్టిగా గుర్తుపెట్టుకో: వేళ్లు నీలంగానో పాలిపోయినట్టో మారినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, బిళ్ళ వేసుకున్నా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా పొద్దున దాకా ఆగొద్దు, ఆ రాత్రే దవాఖానకు పో. సీరియల్ క్లైమాక్స్‌లో ఉన్నా సరే.

చుట్టాలు చూడ్డానికి వస్తారు కదా, వాళ్లలో ఒకరు తప్పకుండా ఫలానా ఊర్లో ఒకాయన నాటుకట్టు కడతాడు, మూడు కట్లకే ఎముక అతుక్కుంటుంది, ఈ పిండికట్టు తీయించెయ్ అంటారు. మన దగ్గర ఈ మాట వినని విరిగిన చెయ్యి లేదు. నవ్వి ఊరుకో. నాటుకట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక చేతికే ముప్పు వచ్చిన సంగతులు ఎముకల డాక్టర్లను ఎవర్నడిగినా చెప్తారు. ఎక్స్‌రేలో ఎముక కుదురుగా ఉందో లేదో చూడకుండా దాని మీద ప్రయోగాలెందుకు.

ఇక భుజం నొప్పి. నువ్వు టైపింగ్ మీద తోశావు కానీ నాకు అనుమానం ఫోన్ మీద. మంచంలో వెల్లకిలా పడుకుని ఎడమ చేత్తో ఫోన్ ముఖం మీదికి పట్టుకుని గంటలు గంటలు చూస్తే ఏ భుజమైనా లాగుతుంది, అదీ ఉన్న ఒక్క మంచి చెయ్యి. ఫోన్‌ని టీవీకి కలిపించు, లేదంటే స్టాండ్ కొనిపించు, అదీ లేకపోతే బియ్యం డబ్బాకు ఆనించి పెట్టు. లేచి కూర్చుని చూడు. చేయి దిండ్ల మీద.

టీవీతో ఒక లాభం ఉంది, ప్రకటనలు. టీవీ ఛానెళ్లకైతే గంటకు 12 నిమిషాలకు మించి వేయకూడదని రూలు, అంటే అరగంట సీరియల్‌కు ఆరు నిమిషాలు అనుకో. ప్రకటన వచ్చినప్పుడల్లా కట్టు బయట ఉన్న వేళ్లు మెల్లగా ముడిచి తెరువు, బొటనవేలిని ఒక్కో వేలికి తాకించు, భుజం పైకెత్తి దించు. మణికట్టు కట్టులో ఉన్నప్పుడు వేళ్లు, భుజం కదపకుండా ఉంచేస్తే అవి కూడా బిగుసుకుపోతాయి, తర్వాత వాటికో వైద్యం. మామూలుగా డాక్టర్లు ఇవి చేయమనే చెప్తారు, నీకు ప్రత్యేకంగా వద్దన్నారేమో మాత్రం కనుక్కో. ప్రకటనలు లేని ప్యాకేజీ తీసుకుంటే టైటిల్ సాంగ్ వస్తుంది కదా, అప్పుడు చెయ్యి. అయితే వేళ్లు కదపమన్నారు కదా అని ఆ వేళ్లతో గంటసేపు టైప్ చేయకు, అది వ్యాయామం కిందికి రాదు.

టీవీ దగ్గర నీకు కొంచెం కటువుగా చెప్పాల్సి ఉంది. సీరియల్ చూడటంలో తప్పేమీ లేదు, మంచం మీద ఉన్నవాళ్లకు అది గడియారం. కట్టు పడ్డాక సోమవారానికీ గురువారానికీ తేడా తెలియదు, అలాంటప్పుడు ఫలానా టైముకు ఫలానా పాట వస్తుందంటే ఆ రోజుకో ఆకారం వస్తుంది. కానీ నువ్వు చూస్తున్నది అట్లా లేదు. కార్తీకదీపం మొదటిది 2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో అయిపోయింది, 1500 పైచిలుకు ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై నిమిషాలే అనుకున్నా 500 గంటలు. ఆరు వారాల్లో అయిపోగొట్టాలని కూర్చుంటే రోజుకు పన్నెండు గంటలు చూడాలి! పైగా రోజువారీ సీరియల్‌ని ఒక రాత్రి ఆపి మర్నాడు సాయంత్రం దాకా మనల్ని ఆలోచనలో పెట్టేలా కట్టారు. ఆ మధ్య గంటల్లోనే కదా మనలాంటివాళ్లు కథలు రాసుకునేది. రేపు దీప ఏమంటుంది, ఆయన నమ్ముతాడా లేదా అని. నువ్వు వెంటనే తర్వాతి ఎపిసోడ్ నొక్కేస్తే ఆ ప్రశ్నకు జవాబు వాళ్లే చెప్పేస్తున్నారు, నీకు ఊహించే పని లేకుండా పోయింది. రాయలేకపోతున్నానని నువ్వు చెయ్యి మీద కోప్పడుతున్నావు గానీ సగం కారణం ఇది.

కాబట్టి రోజూ సాయంత్రం ఒకే టైముకు రెండు ఎపిసోడ్లు, అంతే. తొమ్మిదిన్నర తర్వాత వద్దు, అసలే కట్టుతో ఏ పక్కకు తిరగాలో తెలియక నిద్ర సగమే పడుతుంది. మిగతా రోజంతా చెవులకు పని పెట్టు. ఆకాశవాణి వరంగల్ పెట్టుకో, ఎక్కడ రేడియో నాటకం దొరికినా విను. ముఖం కనిపించకుండా గొంతుతోనే కోపం, అలక, భయం ఎట్లా పలికిస్తారో వింటే నీ డైలాగులు వాటంతటవే పదునెక్కుతాయి.

సాయంత్రం చూసే ఆ రెండు ఎపిసోడ్లలో కూడా ఒక సీన్ ఎంచుకుని సౌండ్ తీసేసి మళ్లీ చూడు. మన సీరియళ్లను అందరూ వెక్కిరించేది ముఖాల మీద మూడుసార్లు జూమ్ చేస్తారని, ఢాం ఢాం అని మ్యూజిక్ వేస్తారని. వెక్కిరించేవాళ్లను వెక్కిరించనీ, ఫ్యాన్ కథ రాసేవాళ్లకు ఆ జూమే జీతం. అత్త ముఖం, కోడలి ముఖం, మళ్లీ అత్త ముఖం. ఎవరూ ఏమీ అనరు. ఆ ముఖం వెనక ఏం నడుస్తోందో సీరియల్ చెప్పదు, నువ్వు చెప్పాలి. అట్లా ఒక్క ముఖాన్ని తీసుకుని రెండు నిమిషాలు నోటితో చెప్పుకో, అదే ఆ రోజు రాత. ఎక్కువ అక్కర్లేదు.

నోటితో అన్నాను కదా, ఆ సంగతి. గూగుల్ వాళ్ల వాయిస్ టైపింగ్‌లో 2017 నుంచే తెలుగు ఉంది, కీబోర్డ్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే పడిపోతుంది. నా అనుభవంలో పుస్తకం తెలుగు బాగా పడుతుంది, మన మాట సరిగ్గా పడదు. "యాడికి పోయినవ్ పొద్దుగాల" అంటే అది ఇంకేదో రాసి చూపిస్తుంది. పుల్‌స్టాపులు, కామాలు చివర్లో పెట్టుకోవాల్సిందే. ఇంట్లో కుక్కర్ విజిల్, పక్క గదిలో టీవీ, వీధిలో కూరగాయల బండి మైకు, అన్నీ నీ కథలోకి వస్తాయి. ఒకసారి నా విషాద సన్నివేశం మధ్యలో కిలో టమాటల ధర పడింది, తీయాలనిపించలేదు. కాబట్టి వర్ణన, కథనం వాయిస్ టైపింగ్‌తో చెప్పు, డైలాగులు మాత్రం ఫోన్ రికార్డర్‌లో ఆ పాత్రలు మాట్లాడినట్టే మాట్లాడి దాచు. అవి కట్టు విప్పాక రాసుకోవచ్చు. మామూలుగా టైప్ చేసేటప్పుడు మన పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి, నోటితో చెప్తే అట్లా జరగదు. సిగ్గు వదిలి తలుపేసుకుని చెప్పు.

దిద్దుబాట్లకు కీబోర్డ్‌లో ఒంటిచేతి మోడ్ ఉంటుంది, అక్షరాలన్నీ ఒక పక్కకు జరుగుతాయి, ఎడమ బొటనవేలికి అందుతాయి. పావుగంటకు మించి వద్దు. ఇంట్లో తమ్ముడి కొడుకో పక్కింటి పిల్లో ఉంటే లేఖకుడిగా పెట్టుకో, రెండు సకినాలు ఇస్తే ఒక పేజీ రాసిపెడతారు. ఒక్క హెచ్చరిక, డాక్టర్ బాబు వంటలక్క చేయి పట్టుకునే సీన్లు ఎనిమిదో తరగతి పిల్లాడికి చెప్పి రాయించకు. వాడు ముసిముసిగా నవ్వుతాడు, నీకు మాట రాదు, సాయంత్రానికి వాడకట్టంతా తెలుస్తుంది. అవి ఫోన్‌కే చెప్పుకో.

ఇప్పుడు అసలు విషయం, ఏం రాయాలి.

సీరియళ్లలో దెబ్బ అంటే ఏమిటో నీకు తెలుసు. నుదుటి మీద చిన్న కట్టు, దాని మధ్యలో ఎర్ర మచ్చ, జుట్టు చెదరదు, బొట్టు చెరగదు. రెండు రోజులకు కట్టు మాయం. కోమా అయితే నెలలు పడుకుని కళ్లు తెరవగానే లేచి నడుస్తారు. నువ్వు చూస్తున్నదాన్నే తీసుకో, 2022లో కారు ప్రమాదం పెట్టి ఇద్దరినీ కథలోంచి తప్పించారు, పిల్లలు పెద్దయిపోయారు, కొన్నాళ్లకు దీప కోమాలోంచి లేచింది, ఆయనకేమో గతం గుర్తు లేదు. కథకు అది మలుపు. కానీ అన్ని రోజులు మంచం మీద ఉన్న మనిషి కండలు ఏమవుతాయి? కదలకుండా పడుకుంటే కండ ఎంత తొందరగా కరుగుతుందో నా కాలి కట్టు విప్పిన రోజు చూశాను, ఒక పిక్క ఇంకో పిక్క కంటే సన్నగా, అది నా కాలేనా అనిపించింది. లేచిన మొదటి రోజు దీప కూర్చోగలదా? గ్లాసు పట్టుకోగలదా? ఎవరు పట్టుకుని నిలబెట్టారు? సీరియల్‌కు వాటితో పని లేదు, దానికి రేపటి ట్విస్ట్ కావాలి. అక్కడ వాళ్లు ఖాళీ జాగా వదిలారు, నువ్వు ఇల్లు కట్టుకో.

లేదా ఇంకా దగ్గరగా రా. వంటలక్కకు కుడి మణికట్టు విరిగిందనుకో. నీ దెబ్బే ఆమెకు పెట్టు. ఆమె వంట చేసి బతికే మనిషి, చేతి మీదే అభిమానం, చేతి మీదే ఇల్లు నడిచింది, ఆ చెయ్యి ఆరు వారాలు దిండు మీద. ఇందులో సీరియల్ విలన్ మోనిత అక్కర్లేదు, విషం కలిపిన పాలు అక్కర్లేదు, దొంగ రిపోర్టులు అక్కర్లేదు. కష్టం అక్కడే ఉంది. వంట ఎవరు చేస్తారు, చేసింది తింటూ ఆమె ఏం అంటుంది, ఏం అనకుండా మింగుతుంది? ఉప్పు ఎంత వేయాలి అని అడిగితే చెంచాల లెక్క చెప్పలేదు, ఆమెకు తెలిసింది చేతి అంచనా, ఆ చెయ్యేమో కట్టులో ఉంది. ఆయన డాక్టరే, కానీ గుండె డాక్టర్, విరిగిన ఎముక దగ్గర ఆయన కూడా మన ఇళ్లలో మగవాళ్లలాగే ఎక్స్‌రే కవర్ పట్టుకుని వరుసలో నిలబడాల్సిందే. ఎప్పుడూ అన్నీ తెలిసినట్టు మాట్లాడే మనిషికి ఆ వరుసలో నిలబడటం ఎట్లా ఉంటుందో రాయి.

కథను ఇక్కడికి తెచ్చుకో, ఫ్యాన్ కథలో ఎవరు కాదంటారు. సంక్రాంతి ముందు రోజులనుకో, హన్మకొండలో ఒక ఇంటి వాకిట్లో తెల్లగుడ్డ పరిచారు, తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి పెట్టారు. సకినాలు చుట్టాలి. నువ్వు చూసే ఉంటావు, అది పూర్తిగా మణికట్టూ వేళ్లూ చేసే పని, పిండి తీగలాగా వేళ్ల మధ్య నుంచి తిరుగుతూ దిగాలి, తెగకూడదు, వరుస మీద వరుస గుండ్రంగా రావాలి. దీప గోడకు ఆనుకుని కూర్చుంది, కట్టు ఒళ్లో. చుట్టేది డాక్టర్ బాబు. గుండెకు వైద్యం చేసే చేతికి సకినం రాదు, రెండో వరుసకే తెగుతుంది. ఆమె నోటితో చెప్తుంది, ఆయనకు అర్థం కాదు, ఆమెకు కోపం వస్తుంది, ఆ కోపం సకినం మీదా, చేయి మీదా, లేక పాతవన్నీ కలిసి ఆయన మీదా? ఏళ్లకేళ్లు భార్యను నమ్మని మనిషి ఈరోజు పిండి తెగకుండా చుట్టడానికి తంటాలు పడుతున్నాడు. పిల్లలు పక్కన నవ్వుతున్నారు. ఇది పెట్టు నీ పాఠకుల ముందు, పద్దెనిమిదో భాగం ఊసెత్తితే నన్నడుగు.

సర్వపిండితో కూడా రాయొచ్చు, గిన్నెకు చేత్తో అద్ది వేలితో చిల్లులు పెట్టాలి కాబట్టి. ఒక చేత్తో అద్దొచ్చు, గిన్నె ఎవరు పట్టుకోవాలి అన్నది సీన్.

దెబ్బ తగిలిన మనిషికి ఇంకొకరు సేవ చేసే కథలకు ఫ్యాన్ కథల్లో హర్ట్ కంఫర్ట్ అని ఒక శాఖే ఉంది, చాలా పాతది, చాలామంది రాశారు. అందులో ఎక్కువ కథలు చెడేది ఒకేచోట. దెబ్బ తగిలినవాళ్లు బొమ్మలైపోతారు, సేవ చేసేవాళ్లు దేవుళ్లైపోతారు, సూప్ తాగిస్తారు, కన్నీళ్లు తుడుస్తారు. నీకిప్పుడు తెలుసు కదా అట్లా ఉండదని. అమ్మ జడ వేస్తుంటే చిక్కు లాగినప్పుడు నీకు కోపం వస్తుందా రాదా? కోపం వచ్చినందుకు మళ్లీ బాధ, ఆమెకు నడుము నొప్పి అని తెలుసు కాబట్టి. అన్నం ఎడమ చేత్తో చెంచాతో తింటుంటే ఇంటికొచ్చిన పెద్దమ్మ చూసే చూపు. స్నానానికి చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టి రబ్బర్ బ్యాండ్ వేయించుకోవడం, హుక్కులు పెట్టించుకోవడం, రాత్రి నీళ్లు కావాలంటే ఎవర్ని లేపాలా అని ఆలోచించి దాహంతోనే పడుకోవడం. సేవ చేయించుకునేవాళ్లకు ఒక రోషం ఉంటుంది, సేవ చేసేవాళ్లకు ఒక విసుగు ఉంటుంది, ప్రేమ ఆ రెండింటి కింద ఎక్కడో నలుగుతుంటుంది. ఆ రోషం దీపకు ఇవ్వు. ఆమె పాత్రకు అది అచ్చంగా సరిపోతుంది, ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి కదా.

రోజూ ఇట్లాంటిది ఒకటి రికార్డర్‌లో చెప్పి పెట్టుకో. కథగా కాదు, ఉన్నది ఉన్నట్టు. ఈరోజు టూత్‌పేస్ట్ మూత తీయడానికి ఏం చేశావో చెప్పు చాలు. కట్టు విప్పాక ఈ వివరాలు ఎంత తొందరగా మర్చిపోతామో నమ్మలేవు.

నొప్పి ఎక్కువున్న రోజు రాస్తే పాత్రలకు కష్టాలు ఎక్కువైపోతాయి, అది మామూలే. మోనిత చేయి విరగ్గొట్టాలనిపిస్తే విరగ్గొట్టు, రెండు చేతులూ విరగ్గొట్టు, హాయిగా ఉంటుంది. పైకి మాత్రం పెట్టకు, వారం ఆగి చదువుకో. నిద్రమత్తు తెచ్చే మందులు వేసుకున్న రాత్రి కూడా ఏదీ ప్రచురించకు.

చదివేవాళ్లకు ఒక చిన్న నోట్ పెట్టు. చేయి విరిగింది, పెద్ద కథ ఆపాను, మధ్యలో చిన్నవి వస్తాయి అని. తేదీ మాత్రం చెప్పకు, తేదీ చెప్పిన రోజు నుంచి కథ వదిలి క్యాలెండర్ చూడటం మొదలవుతుంది. ఎక్స్‌రే ఫొటో కూడా పెట్టకు, దాని మీద నీ పేరు, వయసు, దవాఖాన పేరు అన్నీ ఉంటాయి. కొందరు నోట్ చదివి కూడా "అప్‌డేట్ ప్లీజ్" అంటారు. వాళ్లకు జవాబివ్వాల్సిన పని లేదు.

అమ్మ సంగతి. పిచ్చి రాతలు అన్నప్పుడు వాదనకు దిగకు, కానీ నీ మనసులో నీకు స్పష్టంగా ఉండాలి. నువ్వు పట్టుకుని రాస్తున్న కథే మలయాళంలో కరుత్తముత్తు అనే సీరియల్ నుంచి వచ్చింది, తమిళంలో భారతి కన్నమ్మ అయింది, ప్రతి భాషలో వాళ్లకు కావాల్సినట్టు మార్చుకున్నారు. ఒకరి కథను ఇంకొకరు తమ ఊరికి తెచ్చుకోవడం ఛానెల్ వాళ్లు చేస్తే రీమేక్, నువ్వు చేస్తే పిచ్చి రాత. బయట దేశాల్లో 1967లోనే స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్ అభిమానులు స్పాకనేలియా అని సొంత పత్రిక వేసుకుని అందులో రాసుకున్నారు, 2019లో ఫ్యాన్ కథల పెద్ద వెబ్‌సైటు ఒకదానికి సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఇవి అమ్మకు చెప్తే ఏమీ ఒరగదు. ఆమెను పిలిచి, వంటలక్కకు చేయి విరిగితే పప్పులో పోపు ఎవరితో ఎట్లా పెట్టిస్తుందని అడుగు. నీకు రెండు భాగాలకు సరిపడా సరుకు చెప్తుంది, రికార్డర్ ఆన్ చేసి పెట్టుకో.

కట్టు విప్పిన రోజు చేయి మామూలైపోతుందని అనుకోకు. మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది, చర్మం పొట్టు లేస్తుంది, పిడికిలి గట్టిగా బిగియదు, తాళంచెవి తిప్పడం కూడా కష్టమవుతుంది. ఫిజియోథెరపీ ఎన్నాళ్లు చెప్తే అన్నాళ్లు పో, రెండుసార్లు పోయి మానేసినవాళ్ల మణికట్లు నేను చూశాను. టైపింగ్ అయిదు పది నిమిషాలతో మొదలుపెట్టు, నొప్పి లేకపోతేనే పెంచు. బండి నడపడం, నీళ్ల బిందె ఎత్తడం డాక్టర్ సరే అన్నాకే.

చివరగా డబ్బులు. కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లో, డబ్బు కట్టి చదివే ప్రీమియంలోకి ఈ కథను పెట్టకు. పాత్రలూ పేర్లూ మనవి కావు, వాటి హక్కులు సీరియల్ వాళ్లవి, మన 1957 కాపీరైట్ చట్టంలో ఫ్యాన్ కథలకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. ఉచితంగా ఉంచు, పాత్రలు ఫలానా సీరియల్‌వి అని మొదట్లోనే ఒక లైన్ రాయి, సీరియల్ స్టిల్‌ని కవర్ పేజీగా వాడకు. ఆ లైన్ రాసినంత మాత్రాన చట్టం నుంచి రక్షణ దొరకదు, అది మర్యాద కోసం. చేయి విరిగిన వంటమనిషి కథ నీకు బాగా కుదిరి, డబ్బులకు పెట్టాలనిపిస్తే, పేర్లు మారిస్తే సరిపోదు. డాక్టర్ భర్త, ఆయన అనుమానం, కవల పిల్లలు, మోనిత ఇవన్నీ తీసేసి, హన్మకొండలో సకినాలు చుట్టి అమ్ముకునే ఒకామె కథగా మొదటి నుంచి రాసుకో. అప్పుడది నీది, ఎంతకైనా పెట్టుకో.